నల్ల అంబాసిడర్ మీద రెండు మట్టిముద్దలు

కారుకు మట్టి రుద్దితే రంగు మెరుస్తుందంటే ఎవరైనా నమ్ముతారా? నేను నమ్మలేదు. ఆత్మకూరులో షెడ్డు పెట్టినప్పటి నుంచి బండ్ల మీది మట్టి కడగడమే నా పని. అలాంటిది, మా ఆయన పెయింటు డబ్బాల కోసం మద్రాసు పోయి వచ్చి, సంచిలోంచి పసుపుపచ్చ ముద్ద ఒకటి తీసి "ఇది బండికి రుద్దే మట్టి" అన్నప్పుడు, ఎండదెబ్బ తగిలిందేమో అనుకుని ముందు చెంబెడు మజ్జిగ ఇచ్చాను.

"నిజం మే. అంగిడాయన నా ఎదురుగానే రుద్ది చూపించినాడు" అన్నాడు మజ్జిగ తాగి.

"మట్టిని కొనుక్కొచ్చినావా? మన చెరువులో అడిగేవాడు లేక పడుండాదే!" అన్నాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకుని దాన్ని సామాన్ల అరలో పెట్టేశాడు. రెండు రోజులకు ఇద్దరం దాని సంగతే మర్చిపోయాం.

మా షెడ్డు నెల్లూరు పోయే రోడ్డు పక్కన, రేకులది. బోర్డు మీద మా ఆయన పేరు, దాని కింద డెంటింగ్, పెయింటింగ్ అని రాసి ఉండేది. స్ప్రే గన్ను పట్టేది ఆయన. ఆయన చెయ్యి మంచిదే, నేను కాదనను. కానీ గన్ను పని ఒక్క పూట. దానికి ముందు మూడు రోజులు సొట్టలకు పుట్టీ పెట్టి, అది ఆరాక నీళ్ళు పోసుకుంటూ వాటర్ పేపరుతో రుద్ది రుద్ది రేకును నున్నగా చెయ్యాలి. రంగు కొట్టాక మళ్ళీ సన్న పేపరు, ఆ పైన మెరుపు తెచ్చే కాంపౌండు. ఆ రుద్దుడంతా నాది. పెళ్ళైన కొత్తలో పనివాడు రాలేదని ఒకరోజు సాయానికి కూర్చున్నాను. వారం తిరక్కముందే మా ఆయన ఆ పనివాణ్ణి మాన్పించాడు. కూర్చున్నదాన్ని తొమ్మిదేళ్ళు లేవలేదు.

నా వేళ్ళకు కళ్ళుండేవి. ఇది గొప్పకు చెప్పడం కాదు. రేకు మీద చెయ్యి అలా పోనిస్తే చాలు, ఎక్కడ పల్లం, ఎక్కడ మిట్ట, ఎక్కడ పుట్టీ ఇంకా పచ్చిగా ఉంది, అన్నీ తెలిసేవి. బండి వాళ్ళు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి, "అద్దం మాదిరి ఉండాదే, ఎవురు రుద్దినారు?" అంటే మా ఆయన తడుముకోకుండా "నేనే చేసినాను సార్" అనేవాడు. నేను పక్కనే నీళ్ళ బక్కెట్టుతో నిలబడి ఉండేదాన్ని. ఆయన కళ్ళు నా వైపు తిరిగేవి కావు.

కోపం నా ముక్కు మీద ఉంటుందని మా అత్త అనేది. ఉంటుంది మరి. ప్రతి బండీ వెళ్ళాక మా ఇద్దరికీ అదే పోట్లాట.

"ఒక్కసారన్నా నేను చేసినానని చెప్పు. నోరు అరుగుద్దా?"

"ఆడమనిషి రుద్దిందని తెలిస్తే మన కాడికి బండి ఎవుడు తెస్తాడే? బోర్డు చూసి వస్తారు జనం."

"పని చూసి వస్తారు."

అక్కడితో ఆయన బీడీ ముట్టించేవాడు, నేను గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని. నాకు బోర్డు మీద పేరు అక్కర్లేదు. బండి ఆసామి ఎదురుగా, నేను వింటూ ఉండగా, ఆయన నోటి వెంట ఆ మాట ఒక్కసారి రావాలి. తొమ్మిదేళ్ళుగా నా పంతం అదొక్కటే.

తొంభైల చివర, ఒక ఎండాకాలం ఉదయగిరి నుంచి నల్ల అంబాసిడర్ వచ్చింది. రిటైరైన హెడ్మాస్టరు గారిది. మూడు నెలల కింద మేమే దానికి ఒళ్ళంతా రంగు వేసి పంపాం. ఆయన చెప్పబట్టి దుత్తలూరు వైపు నుంచి మాకు మరో రెండు బండ్లు కూడా వచ్చాయి. అంత మంచి మనిషి, ఆ రోజు దిగీ దిగగానే కారు తలుపు ధడాలున వేశాడు.

"ఏందయ్యా ఇది? మూడు నెల్లు కాలా, నీ పెయింటుకు ఒళ్ళంతా చెమటకాయలు లేచినాయి!"

చూస్తే నిజమే. నల్ల రంగు మీద తవుడు చల్లినట్టు బూడిదరంగు చుక్కలు. బానెట్టు, టాపు, డిక్కీ, కుడివైపు తలుపులు. మా ఆయన ముఖం చూస్తే భయమేసింది.

నేను చెయ్యి తుడుచుకుని బానెట్ మీద పోనిచ్చాను. లోపల ఉబ్బిన పొక్కయితే మెత్తగా, వెడల్పుగా తగులుతుంది. ఇవి సన్న సన్నగా గరుకు తేలి ఉన్నాయి. మా ఆయన దగ్గరికి పోయి "ఇది లోపలి నించి వచ్చింది కాదు, పైనించి పడింది. బండి ఎక్కడ పెట్టినాడో అడుగు" అన్నాను చిన్నగా.

మా ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "నేను చెయ్యి పెట్టి చూసినాను సార్. ఇది పైనించి పడింది. బండి యాడ పెట్టినారు మీరు?" అన్నాడు గట్టిగా. చెయ్యి పెట్టి చూసిందట! ఆయన చేతులు రెండూ అప్పటికి లుంగీ మడతలోనే ఉన్నాయి.

హెడ్మాస్టరు గారు తమ ఇంటి పక్క ఎరువుల కొట్టు షట్టరుకు పోయిన వారం మిషనుతో బూడిదరంగు కొట్టారని చెప్పాడు. గాలికి ఆ రంగంతా వచ్చి ఈ బండి మీద వాలింది. తప్పు మాది కాదని తేలాక ఆయన గొంతు తగ్గింది. "ఎట్టన్నా చేసి పోగొట్టయ్యా. మెరుపు మాత్రం పోకూడదు. శనివారం వస్తాను" అన్నాడు.

అదే చిక్కు. వాటర్ పేపరు పెడితే చుక్కలతో పాటు మెరుపూ పోతుంది. కాంపౌండు పెడితే అంత గరుకు లొంగదు. మా ఆయన తల గోక్కుంటూ అర వైపు చూశాడు. మద్రాసు మట్టి గుర్తొచ్చింది. పరాయి వాళ్ళు కొట్టిన రంగు తుంపరలు తీసేందుకే దీన్ని వాడతారని అంగిడాయన చెప్పాడట. అది విని హెడ్మాస్టరు గారు, "మా చెల్లెలి కొడుకు కువైట్ నించి బండి సామాన్ల పెట్టె ఒకటి తెచ్చినాడు. దాంట్లో ఇట్టాంటిదే నీలం ముద్ద ఉండాది. సబ్బనుకుని పక్కన పడేసినా" అన్నాడు. మర్నాడు పొద్దున బస్సు కండక్టరు చేతికిచ్చి పంపించాడు.

అలా మా షెడ్డులోకి రెండు మట్టిముద్దలు చేరాయి. ఏది మంచిదో తేల్చే పని నా మీద పడింది. పడిందంటే, మా ఆయన "నువ్వు చూడు మే" అని చెప్పి స్కూటరు మడ్‌గార్డు ఒకటి సాపు చేసుకోవడానికి పోయాడు.

మొదటి ముద్ద పెట్టకముందే నాకు గుండె ఆగినంత పనైంది. పసుపు ముద్ద అట్ట మీద ఒక బొమ్మ ఉంది, చేతికి పల్చటి కవరు తొడిగి కారు మీద నిమురుతున్నట్టు. ఇదేం వింత అనుకుని, మా ఆయన సిగరెట్టు పెట్టె ఒకటి ఎవరో బండి వాళ్ళు ఇచ్చింది ఉంటే, దాని పైనున్న గాజు కాగితం ఊడదీసి వేళ్ళకు చుట్టుకున్నాను. బానెట్టులో చుక్కలే లేని మూల ఒకటి ఉంది, నేను నా చేత్తో కాంపౌండు పెట్టి నున్నన చేసిన చోటు. అక్కడ నిమిరాను. గరగరమంది! కాగితం తీసి ఉత్త వేళ్ళతో నిమిరాను, వెన్నలా ఉంది. మళ్ళీ కాగితంతో నిమిరాను, ఇసక. నా వేళ్ళకు కళ్ళున్నాయని తొమ్మిదేళ్ళు విర్రవీగానే, సిగరెట్టు పెట్టె మీది కాగితం ముక్కకు తెలిసింది నా వేళ్ళకు తెలియలేదు! పోయి షెడ్డులో ఉన్న ఇంకో రెండు బండ్లూ నిమిరాను. అన్నీ అంతే. దుమ్ము, రోడ్ల మీది ఇనప రజను, ఏమేమో రంగుకు అంటుకుని కూర్చున్నాయి. నీళ్ళకు పోవు, కంటికి కనపడవు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే బానెట్టుకు నడిమధ్య మాస్కింగ్ టేపు అంటించాను. ఎడమ సగం నీలానికి, కుడి సగం పసుపుకు. బక్కెట్టు నీళ్ళలో రెండు షాంపూ ప్యాకెట్లు పిండి, ఆ నీళ్ళు పోసుకుంటూ రుద్దాలి. నీళ్ళు లేకుండా రుద్దితే రంగును పట్టేస్తుంది.

నీలం ముద్ద మెత్తన. చేతిలోకి తీసుకోగానే సాగింది. నాలుగుసార్లు అటూ ఇటూ పోనిచ్చానో లేదో బూడిద చుక్కలు మాయం! తిప్పి చూస్తే ముద్ద అడుగంతా నల్లగా మారింది. "అయ్యో, రంగు ఊడొస్తా ఉండాది!" అని అరిచాను. మా ఆయన సుత్తి పారేసి పరుగెత్తుకొచ్చాడు. రంగు పోలేదు. పైనున్న మురికీ, ఆరిపోయిన రంగు పొట్టూ వచ్చాయి, అంతే. కింద నలుపు నిగనిగలాడుతోంది. ఆయన కూడా నోరు తెరుచుకుని చూశాడు.

అయితే పది గంటలు దాటి ఎండ ముదిరేసరికి నీలం ముద్ద అసలు రంగు బయటపడింది. హల్వాలా జారిపోయి వేళ్ళకు అంటుకుంది, బానెట్టుకు జిగట చారలు పూసింది. ఆ చారలు పోగొట్టడానికి అర గంట పట్టింది. కువైట్‌లో ఎండలు మనకంటే ఎక్కువ అంటారే, అక్కడ దీన్ని ఏ నీడన వాడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పసుపు ముద్ద దానికి పూర్తిగా వేరు. పొద్దున తీస్తే రాయి. గోరువెచ్చటి నీళ్ళలో వేసి, చపాతీ పిండిలా పిసికితే గానీ లొంగలేదు. నీలం నాలుగుసార్లలో చేసే పనికి ఇది పది పన్నెండు సార్లు అడిగింది. కానీ జిగట లేదు, చారలు లేవు. ఎండ ఎంత ముదిరితే అంత మంచిగా పని చేసింది. ఇంకో సంగతి, నీలం ముద్ద గరుకు తీసేటప్పుడు చేతికి ఏమీ తెలియదు. పసుపు ముద్ద కింద గరుకు మొదట గీరినట్టు తగిలి, కొంచెం కొంచెంగా తగ్గి, చివరికి జారిపోయేది. చేతికి మాట చెప్పే ముద్ద అది. నాకు అలాంటిదే కావాలి. గాజు కాగితంతో రెండు సగాలూ నిమిరి చూశాను. పసుపు వైపే నున్నన. మెరుపులో తేడా లేదు.

ఇదంతా మా ఆయనకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. సాయంత్రం ఎస్టీడీ బూతుకు పోయి హెడ్మాస్టరు గారికి ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను. "రెండూ పెట్టి చూసినాను సార్. మీ కువైట్‌ది మన ఎండకు పనికిరాదు. పసుపుదే ఖాయం చేసినాను" అన్నాడు. చేసినానుట! నాకు ఒళ్ళు మండిపోయింది. బూతులోంచి బయటికి రాగానే దారి మధ్యలో నిలబెట్టేశాను.

"శనివారం ఆయన వచ్చినప్పుడు, ఇది నా పెళ్ళాం చేసిందని చెప్పాల నువ్వు. చెప్పకపోతే ఇంక వాటర్ పేపరు నేను పట్టను. నువ్వే రుద్దుకో."

ఆయన అటూ ఇటూ చూసి, "సరేలే, చెప్తాలే, నడువు" అన్నాడు. అన్నాడు కదా అని పొంగిపోయాను. శుక్రవారం పొద్దున్నే పనిలో కూర్చున్నాను.

టాపు అయింది. బానెట్టు అయింది. డిక్కీ, కుడివైపు తలుపులు మిగిలాయి. దుమ్ము లేవకుండా మా షెడ్డు నేలంతా పెన్న ఇసక పరిచి నీళ్ళు చల్లి ఉంచేవాళ్ళం. డిక్కీ మొదలుపెట్టబోతుంటే తడి చేతిలోంచి పసుపు ముద్ద జారి ఆ ఇసకలో పడింది.

మీరైతే ఏం చేసేవాళ్ళో నాకు తెలియదు. మా వైపు ఎవరైనా చేసేదే నేనూ చేశాను. కూడు పెట్టే వస్తువు నేలన పడితే తీసి కళ్ళకద్దుకుంటాం. మేము ఆదివారం చర్చికి పోయేవాళ్ళమే, అయినా మా అత్త చాట పడినా కళ్ళకద్దుకునేది, మా ఆయన గన్ను పడినా కళ్ళకద్దుకునేవాడు. నేను ముద్దను తీసి రెండు కళ్ళకూ అద్దుకుని, బక్కెట్టులో బాగా కడిగి, పైకి ఏమీ కనపడకపోయేసరికి మడిచి పిసికి మళ్ళీ పని మొదలుపెట్టాను. పడినదాన్ని పారెయ్యడమనే ఆలోచనే రాలేదు. అంత మంచి వస్తువును ఎవరు పారేస్తారు?

అట్ట మీద దాని బొమ్మ కూడా ఉంది. ముద్ద కింద పడుతున్నట్టు గీసి, పైన ఎర్రగా ఇంటూ గుర్తు. అది నేను ముందే చూశాను. కింద పడెయ్యొద్దు, జాగ్రత్త అని చెప్తున్నాడనుకున్నాను. పడితే ఇంక వాడొద్దు అని ఆ బొమ్మకు అర్థమని నాకు ఎట్లా తెలుస్తుంది? పక్కనున్న ఇంగ్లీషు మా ఇద్దరికీ రాదు.

డిక్కీ, రెండు తలుపులు, వెనక మడ్‌గార్డు, అన్నీ చేశాను. గరగరమంటే ఇంకా చుక్కలున్నాయి కాబోలు అనుకుని మరికాస్త గట్టిగా రుద్దాను. నీడలో, తడి మీద, అంతా నల్లగా నిగనిగలాడుతూనే కనపడింది. శనివారం పొద్దున ఇద్దరం బండిని ఎండలోకి తోశాం. తడి ఆరింది.

కోళ్ళు దిగి గీరినట్టుంది. డిక్కీ మీద ఈ చివర నుంచి ఆ చివరకు, తలుపుల మీద ఆ చివర నుంచి ఈ చివరకు, నా చెయ్యి ఎటు పోయిందో అటల్లా గీతలు. సన్నవి, తెల్లవి, వందల కొద్దీ. నా చెయ్యి నడిచిన దారి మొత్తం బండి మీద రాసి పెట్టినట్టుంది. షెడ్డులోకి పరుగెత్తాను. ముద్దను చీల్చి చూశాను. మడతల్లో పెన్న ఇసక మెరుస్తోంది.

"ఏంది మే ఇది? ఏంది ఇది?" అంటున్నాడు మా ఆయన.

అనుకున్నదానికంటే ముందే హెడ్మాస్టరు గారు బస్సు దిగి వచ్చేశాడు. నవ్వుతూ వచ్చాడు. బానెట్టు చూసి "శెభాష్" అన్నాడు. చుట్టూ తిరిగి డిక్కీ దగ్గరికి పోయి ఆగిపోయాడు. వంగి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఎవురు చేసినారయ్యా ఇది?"

మా ఆయన చెయ్యెత్తి నన్ను చూపించాడు.

"మా ఆడమనిషి చేసింది సార్."

నా చెవులు నేనే నమ్మలేదు. తొమ్మిదేళ్ళు అడిగి, అలిగి, పోట్లాడి రప్పించలేని మాట అది. బండి ఆసామి ఎదురుగానే అన్నాడు, నేను వింటుండగానే అన్నాడు. బూతు దగ్గర మాటిచ్చినట్టే చెప్పాడు కదా అని నవ్వు కూడా వచ్చింది, ఏడుపుతో పాటు. అబద్ధమైతే ఆ పూట షెడ్డు రేకులు ఎగిరిపోయేలా అరిచి ఉండేదాన్ని. అది అక్షరాలా నిజం. ఆ గీతల్లో ఒక్కటి కూడా ఆయనది కాదు.

హెడ్మాస్టరు గారు నన్ను ఎగాదిగా చూసి, నాతో ఒక్క మాటైనా అనకుండా మా ఆయన వైపే తిరిగాడు. "ఆడోళ్ళ చేతికి ఎందుకిస్తివయ్యా? నువ్వు కూర్చో. మొన్న అద్దం మాదిరి చేసినావు కదా, అట్ట చెయ్యి. నా కళ్ళ ముందర చెయ్యి. నేను ఈడే ఉంటా" అన్నాడు.

మా ఆయన సన్న పేపరు తీశాడు. బక్కెట్టులో ముంచాడు. డిక్కీ ముందు వంగాడు. పేపరు మడతైనా సరిగా లేదు, మూల మడత రేకు వైపు ఉంది. దాంతో రుద్దితే ఇంకో గీత పడుతుంది. తొమ్మిదేళ్ళు రుద్దని చెయ్యి మరి. ఆ చెయ్యి గీతల మీద జానెడు ఎత్తున ఆగింది. కిందికి దిగలేదు, వెనక్కీ రాలేదు. పేపరు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ఆయన మెల్లిగా తల తిప్పి, పేపరు నా వైపు చాపాడు.

"నువ్వు చెయ్యి మే" అన్నాడు.

నేను తీసుకోలేదు. "ముందు చెప్పు" అన్నాను. అంత గట్టిగా అన్నందుకు నాకే ఆశ్చర్యమేసింది.

"ఏం చెప్పాల?"

"గీతలు నేను చేసినానని చెప్పినావు కదా. మిగతాది కూడా చెప్పు సారుకి."

హెడ్మాస్టరు గారు ఒకసారి ఆయన్నీ ఒకసారి నన్నూ చూస్తున్నాడు. మా ఆయన మెడ నరాలు ఉబ్బాయి. కొడతాడేమో అనుకున్నాను. ఆయన నేల చూస్తూ చెప్పాడు.

"రుద్దే పనంతా ఈమేదే సార్. మీ బండి మొన్న చేసింది కూడా ఈమే. మొదటి నించీ ఈమే."

హెడ్మాస్టరు గారు బానెట్టు మీద ఒకసారి చెయ్యి పోనిచ్చి, స్టూలు లాక్కుని నీడలో కూర్చున్నాడు.

ఆ మాట విన్నాక సంతోషం రావాలి కదా, రాలేదు. ఒళ్ళంతా వణుకొచ్చింది. పేపరు తీసుకుని, మడత విప్పి, మళ్ళీ సరిగా మడిచాను. వణికే చేత్తో నల్ల రంగు మీద పేపరు పెట్టకూడదు. అందుకని కుండలోంచి చెంబెడు నీళ్ళు ముంచుకుని తాగి, చేతులు నిలకడగా అయ్యేదాకా ఆగి, అప్పుడు డిక్కీ ముందు కూర్చున్నాను.